జిన్ను మీద ఉన్న పేరు ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే పేరు చుట్టూ తిరుగుతున్నాయి. పోయిన సంచికలో మూతపడ్డ జిన్నింగ్ మిల్లుల ఫొటోలు వేశాం కదా, అందులో ఒక జిన్ను మీద, అంటే పత్తి నుంచి గింజ వేరు చేసే యంత్రం మీద, 'ప్లాట్ బ్రదర్స్' అనే అక్షరాలు కనబడ్డాయి. అంతే, నాందేడ్, యవత్మాళ్, చంద్రపూర్ జిల్లాల మనవాళ్లు తమ ఊళ్లో తుప్పుపడుతున్న ఇనుమంతా గుర్తు చేసుకుని రాసేశారు. అందుకే ఈసారి భూమి కాగితాలు, మోకాళ్ల నొప్పులు, పిల్లల చదువుల ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం చోటు వీటికే ఇస్తున్నాను. కోపం వచ్చినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: అన్నా, మాది ధర్మాబాద్. మా తాత ఇక్కడ ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేశాడు. మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది, షెడ్డునీ అందులోని సామానునీ మా చిన్నాన్న కొన్నాడు. ఒక జిన్ను పక్క చట్రం మీద ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాల్లో 'ప్లాట్ బ్రదర్స్ అండ్ కో లిమిటెడ్, ఓల్డ్‌హామ్' అని ఉంది. ప్లాట్ దొర స్వయంగా వచ్చి బిగించి పోయాడని మా ఊరి పెద్దమనుషులు అంటారు. ఈ ప్లాట్ ఎవరు? నిజంగా మన దగ్గరికి వచ్చాడా? యంత్రం ఎంత పాతది?

జవాబు: తమ్ముడూ, దొర వచ్చిన సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఇదే కథ నాకు కనీసం మూడు ఊళ్ల నుంచి వచ్చింది. హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా మన ధర్మాబాద్, నాందేడ్ మీదుగా రైలు పడింది 1900 ప్రాంతంలో. ఇంత బరువైన పోత ఇనుము మీ ఊరికి చేరింది ఆ తర్వాతే అయ్యుంటుంది. ఆ కంపెనీని ప్రపంచమంతా తెలిసేలా చేసిన జాన్ ప్లాట్ అప్పటికి చనిపోయి దాదాపు ముప్పై ఏళ్లు. కాబట్టి వచ్చి ఉంటే వచ్చింది దొర కాదు, కంపెనీ పంపిన ఫిట్టరో, బొంబాయి ఏజెంటు మనిషో. అట్లా మనుషుల్ని పంపే అలవాటు వాళ్లకు ఉండేది. 1867లో జపాన్‌లోని కగోషిమాలో కొత్త పద్ధతి నూలు మిల్లు పెట్టినప్పుడు యంత్రాలు ప్లాట్ వాళ్లవే, వాటిని బిగించి అక్కడివాళ్లకు నడపడం నేర్పడానికి ఇంగ్లండ్ నుంచి పనివాళ్లు వెళ్లారు. తెల్ల తోలు, చేతిలో స్పానరు, నోట్లో పైపు ఉంటే మన పెద్దలకు ప్రతివాడూ దొరే.

ఇక కుటుంబం సంగతి. ఓల్డ్‌హామ్ అన్నది ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనే ఉన్న ఊరు. ప్లాట్లు మొదట అక్కడివాళ్లు కాదు. కొండల వైపు శాడిల్‌వర్త్ అనే ప్రాంతంలో డాబ్‌క్రాస్ అని చిన్న ఊరు ఉంది, అక్కడ 1770లో హెన్రీ ప్లాట్ అనే ఆయన ఏకే యంత్రాలు చేసి చుట్టుపక్కల వాళ్లకు అమ్మేవాడు. వడకడానికి ముందు పోగులన్నీ ఒక దిక్కుకు దువ్వి వరస పెట్టే పని ఉంటుంది కదా, అది చేసే యంత్రాలు. పెద్ద వ్యాపారమేమీ కాదు. ఆయన మనవడి పేరు కూడా హెన్రీయే, 1820ల మొదట్లో ఓల్డ్‌హామ్‌కు దిగి ఎలైజా హిబ్బర్ట్ అనే ఆయనతో పొత్తు పెట్టుకున్నాడు. కంపెనీ పేరు 'హిబ్బర్ట్ అండ్ ప్లాట్'. చూడు, మొదట ప్లాట్ పేరు వెనకే ఉంది. తర్వాత కొడుకులు జోసెఫ్, జాన్ భాగస్తులయ్యారు, పేరు చివర 'అండ్ సన్స్' చేరింది. ఆ తర్వాత చావులు వరుసగా వచ్చాయి. 1842లో తండ్రి హెన్రీ, 1845లో పెద్ద కొడుకు జోసెఫ్, 1846లో హిబ్బర్ట్. నాలుగేళ్లలో ముగ్గురు పోతే చాలా కంపెనీలు అక్కడితో పంచాయతీల్లో పడి ఖతమైపోతాయి. ఇక్కడ జాన్, అతని తమ్ముడు జేమ్స్ ఇద్దరూ నిలబడ్డారు. 1854లో హిబ్బర్ట్ కుటుంబం వాటా కూడా కొనేసి 'ప్లాట్ బ్రదర్స్ అండ్ కంపెనీ' అని పేరు మార్చారు. ఆ బ్రదర్స్ అంటే వీళ్లిద్దరే.

యంత్రం వయసు తెలుసుకోవడానికి ఈ పేర్ల మార్పే పనికొస్తుంది. 'హిబ్బర్ట్' అని ఉంటే 1854కి ముందుది, అలాంటిది మన వైపు దొరికితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, నేనే బయలుదేరి వస్తాను. 'ప్లాట్ బ్రదర్స్ అండ్ కో' అని మాత్రమే ఉంటే 1854 తర్వాతిది. 'లిమిటెడ్' అనే ముక్క చేరింది 1868లో కంపెనీ షేర్ల కంపెనీగా మారినప్పుడు. మీది లిమిటెడ్ కాబట్టి 1868 తర్వాతిది, రైలు లెక్క కలిపితే 1900 తర్వాతిది. చట్రం లోపలివైపు, కాళ్ల దగ్గర, రోలరు ఇరుసు చివర్లలో అంకెలు చెక్కి ఉంటాయేమో కూడా చూడు. అయితే ఆ అంకెలన్నీ సంవత్సరాలు అనుకోవద్దు, చాలావరకు అచ్చు నంబర్లో, భాగాల నంబర్లో అయి ఉంటాయి. '1847' అని కనబడగానే పేపరు వాళ్లను పిలవకు.

ప్రశ్న: సార్, నేను వణి దగ్గర మరాఠీ మీడియం బడిలో టీచర్ని, ఇంట్లో తెలుగే. పిల్లలతో ఊరి చరిత్ర ప్రాజెక్టు చేయిస్తున్నాను. ప్లాట్ అనేది నూలు యంత్రాల కంపెనీ అని చదివాను. దారం వడికే యంత్రాలు అమ్ముకునేవాళ్లకు మన దగ్గర గింజ తీసే జిన్నుతో ఏం పని? అమెరికాలో యుద్ధం వల్లే మన పత్తికి గిరాకీ వచ్చిందని మా నాన్న అనేవారు, అది నిజమేనా?

జవాబు: టీచరమ్మా, మీ నాన్నగారు చెప్పింది నిజమే, కాకపోతే ఆ కథకు చివర ఒక చేదు ముక్క ఉంది, పిల్లలకు అది కూడా చెప్పండి.

చేలో ఏరిన పత్తిలో బరువు లెక్కన మూడింట రెండు వంతులు గింజే. ఆ గింజతో సహా ఓడ ఎక్కిస్తే గింజకు కూడా కిరాయి కట్టాలి, పైగా దారిలో నూనె దిగి దూది పాడవుతుంది. అందుకే గింజ తీయడం పత్తి పండే చోటే జరగాలి. మనవాళ్లు ముందు చేతితో తిప్పే రెండు రోలర్ల చర్ఖాతో ఈ పని చేసేవారు, ఇంట్లో ఆడవాళ్లు కూర్చుని తిప్పితే రోజుకు వచ్చే దూది కొంచెమే. ఓల్డ్‌హామ్, మాంచెస్టర్ ఊళ్లున్న లాంకషైర్ ప్రాంతపు నూలు మిల్లులకు అప్పట్లో అయిదింట నాలుగు వంతుల దాకా పత్తి అమెరికా నుంచే వచ్చేది. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలై దక్షిణాది ఓడరేవులను ఉత్తరాదివాళ్లు మూసేశారు. ఓల్డ్‌హామ్ చుట్టుపక్కల మిల్లులు పత్తి లేక ఆగిపోయాయి, లక్షల మంది కూలీలు దానం మీద బతికారు. అప్పుడు అందరి కళ్లూ మన వైపు పడ్డాయి. బేరార్‌ను, అంటే ఇప్పటి విదర్భలో పత్తి పండే పడమటి భాగాన్ని, నిజాం దగ్గర నుంచి బ్రిటిష్‌వాళ్లు 1853లోనే తమ పాలన కిందకు తీసుకుని ఉన్నారు, మీ వణి కూడా అందులోదే.

ఇక్కడ ప్లాట్ వాళ్ల తెలివి చూడండి. తమ యంత్రాలు కొన్న మిల్లులు ఆగిపోతే కొత్త యంత్రాలు ఎవరు కొంటారు? కాబట్టి పత్తి ఎక్కడి నుంచైనా సరే శుభ్రంగా రావడం వాళ్లకు అవసరం. ఫోన్స్ మెకార్తీ అనే అమెరికన్ 1840లో ఒక రోలర్ జిన్నుకు పేటెంటు తీసుకున్నాడు, ఆ తరహా జిన్నులను ప్లాట్లు తమ ఫ్యాక్టరీలో తయారు చేసి మన దేశానికీ, ఈజిప్టుకూ అమ్మారు. గింజ తీయడం నుంచి బట్ట నేయడం దాకా ఏ దశకు కావాలన్నా యంత్రం మా దగ్గరే ఉంది అని చెప్పుకోగల కంపెనీ అది. అంతకు ముందే 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో, అప్పటికి ఇంకా హిబ్బర్ట్ పేరుతోనే, దూది యంత్రాల వరసంతా తెచ్చి నడిపి చూపించారు.

జిన్ను ఎట్లా పని చేస్తుందో పిల్లలకు ఒకసారి దగ్గరుండి చూపిస్తే మంచిది. తోలు చుట్టిన రోలరు తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనుకుని కదలని కత్తి ఒకటి గట్టిగా నొక్కి ఉంటుంది. దూది పోగు తోలుకు అంటుకుని కత్తి కిందుగా అవతలికి జారిపోతుంది, గింజ లావు కాబట్టి ఇవతలే ఆగుతుంది. అప్పుడు ఇంకో కత్తి పైకీ కిందికీ ఆడుతూ ఆ గింజను తట్టి కింద పడేస్తుంది. ఇంతే దాని రహస్యం. అమెరికాలో విట్నీ 1794లో పేటెంటు తీసుకున్న రంపపు జిన్ను వేరే పద్ధతి, రంపపు పళ్లతో దూదిని లాగేస్తుంది. అది వేగంగా పని చేస్తుంది కానీ పోగు తెగుతుంది. మన పాత రకాల పోగు అసలే పొట్టి, దాన్ని ఇంకా తెంపుకుంటే మిగిలేదేముంది? ధార్వాడ్ వైపు అమెరికా విత్తనం వేసినచోట రంపపు జిన్నులు కొంత నడిచాయి కానీ మన దగ్గర నిలబడింది రోలరే.

ఆ రోలరు తోలు గురించి చెప్తే పిల్లలు నోరెళ్లబెడతారు. వాల్రస్ అని ఉత్తర ధ్రువం దగ్గర మంచులో ఉండే పెద్ద దంతాల జంతువు ఉంది కదా, మెకార్తీ జిన్నుల రోలర్లకు దాని తోలు వాడేవారు. మందంగా, గరుకుగా ఉండి దూదిని బాగా పట్టుకుంటుందని. మంచు సముద్రంలో చంపిన జంతువు చర్మం వచ్చి వణి ఎండల్లో పత్తి గింజలు తీసిందన్నమాట! తర్వాత క్రోమ్ తోలు (క్రోమియం మందుతో పదును పెట్టిన తోలు) వాషర్లు వచ్చాయి, వాటి దుమ్ము ఆరోగ్యానికి మంచిది కాదని ఇప్పుడు రబ్బరు రోలర్లు కూడా తయారు చేశారు. నాగపూర్‌లో కేంద్ర ప్రభుత్వ జిన్నింగ్ శిక్షణ కేంద్రం ఉంది, వీలైతే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి, పుస్తకంలో వంద పేజీలు చదివిన దానికంటే ఎక్కువ అర్థమవుతుంది. ఈ రోజు విదర్భ, మరాఠ్వాడా, ఆదిలాబాద్ మిల్లుల్లో నడిచే 'డి.ఆర్.' అంటే రెండు రోలర్ల జిన్ను కూడా ఆ మెకార్తీ వంశానిదే, ఇప్పుడు నాగపూర్‌లోనే తయారై విదేశాలకు కూడా పోతోంది.

చేదు ముక్క అన్నాను కదా. యుద్ధం 1865లో అయిపోయింది. బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది 1867లో. అంటే అప్పటి దాకా ధర చూసి జొన్న మానేసి పత్తి వేసిన రైతుకు, సరుకు తీసుకెళ్లే బండి వచ్చేసరికి ధర పడిపోయింది. ఆ నాలుగేళ్ల డబ్బు ఎక్కువగా దళారుల చేతికీ, బొంబాయి షేర్ల జూదానికీ పోయింది. లాంకషైర్ కూలీ కూడా మన పత్తిని చూసి సంతోషించలేదు, బేరార్‌ది అయినా ఖాందేశ్‌ది అయినా అక్కడ అన్నిటినీ 'సూరత్' అనే పిలిచేవారు, పోగు పొట్టి, మట్టి ఎక్కువ, దారం మాటిమాటికీ తెగేది, తెగితే కూలి తగ్గేది. ఇక్కడి రైతూ అక్కడి కూలీ ఇద్దరూ నష్టపోయిన వ్యవహారంలో యంత్రం అమ్మినవాడికి మాత్రం రెండు వైపులా గిరాకీ. ఇది నా అభిప్రాయం, మీ ప్రాజెక్టులో రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: రాజురా నుంచి రాస్తున్నాను. బొగ్గు గనిలో పని చేసి రిటైరయ్యాను, యూనియన్‌లో ఉన్నవాడిని. ఈ దొరల కుటుంబాల గొప్పలు చదివి చదివి విసుగొచ్చింది. యంత్రాన్ని కరగబోసిందీ, తురిమిందీ ఎవరు? వాళ్ల పేర్లు పలక మీద ఉండవు. వాళ్ల గురించి రాసే దమ్ముందా మీకు?

జవాబు: దమ్ము సంగతి తర్వాత, పెద్దాయనా, మీరు సరైన కంపెనీ గురించే అడిగారు. ఇంగ్లండ్ కార్మికుల చరిత్రలో ఒక పెద్ద కొట్లాట మొదలైంది ఈ ప్లాట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరే.

1851లో ఇంగ్లండ్‌లోని ఫిట్టర్లు, టర్నర్లు, యంత్రాలు చేసే పనివాళ్ల చిన్న చిన్న సంఘాలన్నీ కలిసి ఒకే ఇంజనీర్ల యూనియన్ అయ్యాయి. అప్పటికే ప్లాట్ల ఫ్యాక్టరీలో గొడవ రగులుతోంది. తనంతట తాను నడిచే కొత్త మెషిన్ టూల్స్ వచ్చాయి, వాటి మీద పని నేర్చిన మనిషి బదులు తక్కువ కూలికి మామూలు లేబర్‌ను పెడుతున్నారు. రోజూ ఓవర్‌టైమ్, దాని పైన పీస్ రేటు, అంటే చేసిన వస్తువుల లెక్కన కూలి. ఇవి ఆపాలని పనివాళ్లు అడిగారు. మీ గనిలో కాంట్రాక్టు లేబర్ గొడవ చూసినవాళ్లు కదా, మీకు ఇది కొత్తేమీ కాదు. యజమానులు కూడా ఒక్కటయ్యారు. 1852 జనవరిలో లాంకషైర్, లండన్ ఇంజనీరింగ్ యజమానులు కలిసి లాకౌట్ ప్రకటించారు, యూనియన్‌తో సంబంధం లేదని సంతకం పెడితేనే మళ్లీ లోపలికి రానిస్తామన్నారు. మూడు నెలలు గడిచాయి. ఇంట్లో రొట్టె అయిపోయాక చాలామంది ఆ కాగితం మీద సంతకం పెట్టి లోపలికి వెళ్లారు. పనివాళ్లు ఓడిపోయారు. కానీ సంతకం పెట్టినవాళ్లు యూనియన్ వదల్లేదు, బలవంతంగా పెట్టించిన సంతకానికి విలువేముంది అనుకున్నారు, సంఘం బతికింది, ఇంకా పెద్దదైంది.

గమ్మత్తేమిటంటే ఇదే జాన్ ప్లాట్ రాజకీయాల్లో లిబరల్, మూడు సార్లు ఓల్డ్‌హామ్ మేయర్, 1865 నుంచి చనిపోయే దాకా పార్లమెంటు సభ్యుడు. పనివాళ్లు చదువుకోవాలని సైన్సు, డ్రాయింగు నేర్పే బడికి డబ్బిచ్చాడు. ఆయన మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడగొద్దు. డ్రాయింగు చదవగలిగే పనివాడు కావాలి, కూలి గురించి అడిగే పనివాడు వద్దు, అంతే లెక్క. ఇట్లాంటి సేఠ్‌లను మనమూ చూశాం, గుడి కట్టిస్తారు, ధర్మశాల కట్టిస్తారు, కూలి పెంచమంటే మాత్రం జ్వరం వస్తుంది.

ఇంకో ముక్క మీకోసమే. ఈ కంపెనీకి సొంత బొగ్గు గనులు కూడా ఉండేవి. తమ కొలిమికి తమ బొగ్గే. కంపెనీ ఉచ్చదశలో పదివేల మందికి పైగా పని చేసేవారు, వెర్నెత్ అనే పేటలో సగం ఇళ్లు సైరన్ మోతకే నిద్ర లేచేవి. మీరన్నట్టు వాళ్లలో ఒక్కరి పేరు కూడా పలక మీద లేదు.

ప్రశ్న: మా ఉమ్రిలో ఒకరి షెడ్డులో ఇట్లాంటి జిన్నులు ఏడెనిమిది ఉన్నాయి. భంగారు (పాత ఇనుము) వ్యాపారి కిలో లెక్కన అడుగుతున్నాడు. అమ్మేయమనాలా, ఉంచమనాలా? లండన్‌లో వీటికి లక్షలు వస్తాయంటున్నారు.

జవాబు: లక్షలు రావు. ప్రపంచమంతటా వేల సంఖ్యలో అమ్మిన యంత్రం, అరుదైంది కాదు. ఉంచుకోవడానికి చోటు లేకపోతే అమ్ముకోవచ్చు, అందులో పాపమేమీ లేదు. కాకపోతే అన్నీ ఒకేసారి లారీ ఎక్కించకుండా భాగాలు పూర్తిగా ఉన్న ఒక్కదాన్ని పక్కన పెట్టమనండి, రోలరు, రెండు కత్తులు, పైనున్న తొట్టి ఉంటే చాలు. దాన్ని ఊరి బడికో కాలేజీకో ఇస్తే వాళ్లకు ఇరవై ఏళ్లు పనికొస్తుంది. మిగతావాటిని విప్పేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయించండి, బెల్టు ఏ వైపు నుంచి వచ్చేదో, లైన్ షాఫ్టు (బెల్టులతో యంత్రాలన్నిటినీ తిప్పే పొడవాటి ఇరుసు) ఎక్కడ ఉండేదో అక్కడ పని చేసిన ముసలివాళ్లెవరైనా ఉంటే అడిగి రాసిపెట్టండి. పేరున్న చట్రాన్ని మాత్రం గ్రైండరుతో రుద్దొద్దు, అక్షరాల అంచులు పోతాయి. కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు చాలు.

ప్రశ్న: అన్నయ్యా, మాది కిన్వట్. బీకాం చదువుతున్నాను. అంత పెద్ద కంపెనీ ఇప్పుడు ఎక్కడుంది? ఆ కుటుంబం వారసులు ఏమయ్యారు? మా ప్రొఫెసరు 'మూడో తరం ముంచుతుంది' అంటారు, ఇక్కడ కూడా అంతేనా?

జవాబు: మీ ప్రొఫెసరు మాటకు ఈ కుటుంబం అంత తేలిగ్గా లొంగదు తమ్ముడూ. ముంచలేదు, మెల్లగా తప్పుకున్నారు.

ముందు తమ్ముడు జేమ్స్ సంగతి చెప్పాలి, ఎందుకంటే బ్రదర్స్ అనే పేరు పెట్టిన మూడేళ్లకే బ్రదర్స్‌లో ఒకడు లేకుండా పోయాడు. 1857లో జేమ్స్ ఓల్డ్‌హామ్ నుంచి పార్లమెంటుకు గెలిచాడు. ఆ ఏడు ఆగస్టులోనే శాడిల్‌వర్త్ కొండల మీద ఆష్‌వే గ్యాప్ అనే చోట పిట్టల వేటకు వెళ్లాడు, వెంట ఉన్న మనిషి తుపాకీ పొరపాటున పేలి తగిలి చనిపోయాడు. ఆ తుపాకీ పట్టుకున్నది ఎవరనుకున్నావు? అప్పటి ఓల్డ్‌హామ్ మేయరు, జోసయా రాడ్‌క్లిఫ్. సినిమాలో పెడితే మరీ ఎక్కువైందంటారు. జేమ్స్ పడిన చోట రాతి స్తంభం కూడా కట్టారు.

ఆ తర్వాత అంతా జాన్‌దే. ఆయన డబ్బు ఎక్కడ పెట్టాడో చూస్తే ఆ రోజుల్లో యంత్రాల సేఠ్‌ల మనసు తెలుస్తుంది. వేల్స్‌లో సముద్రం ఒడ్డున లాన్‌ఫెయిర్‌ఫెకన్ అనే ఊళ్లో బ్రిన్-అ-నైయద్ అనే పెద్ద ఎస్టేటు కొని భవనం కట్టాడు, అక్కడి జిల్లాకు షెరీఫ్ అయ్యాడు. పొగ కక్కే ఊళ్లో సంపాదించి పొగ లేని ఊళ్లో జమీందారు అయ్యాడు. 1872లో పారిస్‌లో చనిపోయాడు. కొడుకుల్లో హెన్రీ వేల్స్ వైపే ఉండిపోయాడు, సైనిక దళంలో కర్నల్, బాంగర్ అనే ఊరికి మేయరు. ఇంకో కొడుకు శామ్యూల్ రాడ్‌క్లిఫ్ ప్లాట్ ఓల్డ్‌హామ్‌లో ఉండి కంపెనీ చైర్మన్ అయ్యాడు, తండ్రిలాగే ఆ ఊరికి మేయరు కూడా అయ్యాడు. ఈయన పేరు మధ్యలో రాడ్‌క్లిఫ్ ఎందుకుందంటే వాళ్లమ్మ పుట్టింటి పేరు అది, నూలు మిల్లుల కుటుంబం. మిల్లు ఉన్నవాళ్ల అమ్మాయిని యంత్రాలు చేసేవాడు చేసుకోవడం, మన దగ్గర జిన్నింగ్ సేఠ్‌కూ నూనె మిల్లు సేఠ్‌కూ వియ్యం కుదిరినట్టే. వేల్స్‌లో కట్టిన ఆ భవనం తర్వాత అమ్ముడుపోయి ఆసుపత్రి అయింది.

కంపెనీ మాత్రం నీరసించలేదు. 1868లోనే లిమిటెడ్ చేశారని పైన చెప్పాను కదా, అసలు కీలకం అక్కడుంది, బీకాం వాడివి కాబట్టి నీకు తేలిగ్గా అర్థమవుతుంది. షేర్లు అయ్యాక కొడుకులు కర్నళ్లయినా, గుర్రాలు పెంచుకున్నా ఫ్యాక్టరీ మేనేజర్ల చేతిలో నడుస్తుంది. జాన్ పోయాక యాభై ఏళ్ల పాటు ప్రపంచంలో నూలు యంత్రాలంటే ముందు వినిపించే పేర్లలో ప్లాట్ ఒకటి. కాబట్టి కంపెనీ దెబ్బ తిన్నది వారసుల వల్ల అనడం నాకు న్యాయంగా అనిపించదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లాంకషైర్ నూలు మార్కెట్టే పోయింది. మనమూ, జపానూ సొంతంగా బట్ట చేసుకున్నాం, అందులో చాలా మిల్లుల్లో నడిచింది వాళ్లు అమ్మిన యంత్రాలే. తమ ఊరి మిల్లులకు పోటీని తామే ఓడలకెక్కించి అరవై ఏళ్లు పంపారు.

దీనికి తేదీతో సహా చెప్పుకోదగ్గ మలుపు ఒకటి ఉంది. 1929లో జపాన్‌కు చెందిన టొయోడా వాళ్ల ఆటోమేటిక్ మగ్గం పేటెంటు హక్కులను ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్ల ఒప్పందానికి కొనుక్కుంది. 1867లో ఎవరికైతే నూలు వడకడం నేర్పడానికి మనుషుల్ని పంపారో, ఆ దేశం నుంచే అరవై రెండేళ్ల తర్వాత మగ్గం కొన్నారు. ఆ టొయోడా కుటుంబమే తర్వాత టొయోటా కార్లు చేసింది, మగ్గం డబ్బు కార్ల ప్రయోగాలకు పనికొచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. 1931లో ప్లాట్, డాబ్సన్ అండ్ బార్లో, హోవర్డ్ అండ్ బులో, అదే ఓల్డ్‌హామ్‌లో పక్కనే పోటీగా ఉండిన ఆసా లీస్, ఇట్లా పాత శత్రువులంతా నష్టాలు తట్టుకోలేక ఒకే గొడుగు కిందికి వచ్చారు. 1958లో ఇంకో కలయికతో స్టోన్-ప్లాట్ అయింది. 1982లో అది అప్పుల్లో మునిగి రిసీవర్ల (అప్పులవాళ్ల తరఫున ఆస్తులు చూసేవాళ్ల) చేతికి పోయింది, నూలు యంత్రాల విభాగాన్ని అమెరికావాళ్లు కొనుక్కున్నారు. 1770 నుంచి లెక్కేస్తే రెండు వందల ఏళ్లు దాటాయి. మీ ప్రొఫెసరుకు చెప్పు, మూడో తరం దగ్గర ఆగే లెక్క ఇక్కడ కుదరదని.

ప్రశ్న: నమస్తే. మాది నాందేడ్. మా అబ్బాయి మాంచెస్టర్‌లో చదువుతున్నాడు, అక్కడ ప్లాట్ ఫీల్డ్స్ అనే పెద్ద పార్కు ఫొటో పంపాడు. ఈ జిన్నుల కంపెనీ వాళ్లదేనా?

జవాబు: కాదమ్మా. ఆ పార్కు ప్లాట్ హాల్ అనే పాత బంగళా చుట్టూ ఉన్న తోట, అది చాలాకాలం వోర్స్‌లీ అనే కుటుంబం చేతిలో ఉండేది. మన ప్లాట్ల వల్ల ఆ పేరు రాలేదు. మీ అబ్బాయికి సెలవు దొరికితే పార్కుకు కాదు, ట్రామ్ ఎక్కి ఓల్డ్‌హామ్ వెళ్లమనండి, వెర్నెత్ పేటలో కంపెనీ పాత ఆఫీసు భవనం ఇంకా ఉంది. చలి కోటు మర్చిపోవద్దనండి, ఆ ఊరు మాంచెస్టర్ కంటే మిట్ట మీద ఉంటుంది.

ప్రశ్న: దేగ్లూర్ నుంచి. మా పాత జిన్నును నడిపిన ఆయిల్ ఇంజిను మీద ప్లాట్ అని లేదు, 'రస్టన్ అండ్ హార్న్స్‌బీ, లింకన్' అని ఉంది. వీళ్లూ వాళ్ల చుట్టాలేనా? ఇంజిను ఏనాటిది?

జవాబు: చుట్టాలు కారు. లింకన్ ఇంగ్లండ్‌కు తూర్పు వైపు, వ్యవసాయ యంత్రాల ఊరు. జోసెఫ్ రస్టన్ 1857లో అక్కడి బర్టన్ అండ్ ప్రాక్టర్ అనే చిన్న కంపెనీలో డబ్బు పెట్టి చేరాడు. ఆర్డరు రాకముందే యంత్రాలు చేసి నిల్వ పెట్టి అమ్ముదామని ఆయన పట్టు, ఆ రిస్కుకు బర్టన్ భయపడి తప్పుకున్నాడు. హార్న్స్‌బీలు వేరే కుటుంబం, గ్రాంథమ్ ఊళ్లో 1815 నుంచి ఉన్నారు, ఆక్రాయిడ్ స్టువర్ట్ అనే ఆయన పేటెంట్లతో 1890లలో ఆయిల్ ఇంజిన్లు చేసి పేరు తెచ్చుకున్నారు. ఈ రెండు కంపెనీలూ కలిసింది 1918లో. రెండు పేర్లూ ఒకే పలక మీద ఉన్నాయి కాబట్టి మీ ఇంజిను 1918 తర్వాతిదే. పలక మీద పెద్ద నంబరు ఒకటి గుద్ది ఉంటుంది, అది చదవగలిగితే ఫొటో తీసి పంపండి, పలక మసిబారి ఉంటే ముందు సుద్దపొడి రుద్దండి, అంకెలు తేలుతాయి.